మహమ్మారి టీకా: మన సందేహాలు, మన బాధ్యత

2020 డిసెంబర్ 28, 29 తేదీలలో అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లాలో టీకా మందు లేకుండానే ఒక టీకా కార్యక్రమం జరిగింది. కోవిడ్ టీకా వచ్చినపుడు జనాన్ని ఎలా పిలవాలి, పేర్లు ఎలా నమోదు చేయాలి, మందును చల్లగా ఎలా నిలవ వుంచాలి, ఎవరికైనా వికటిస్తే ఏం చేయాలి అనే విషయాలను ముందుగా సరిచూసుకోవటం దాని ఉద్దేశం. ఇందుకోసం దేశంలో నాలుగు రాష్ట్రాలను ఎంచుకోగా, మన రాష్ట్రం నుంచి కృష్ణా జిల్లా ఆ జాబితాలో చేరింది. తరువాత 2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో అసలు కార్యక్రమం ఆరంభమయింది. మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు.

పెట్టెలు, సూదులు, జాబితాలు అన్నీ సిద్ధమయ్యాయి. కాని మనుషుల మనస్సులు అంత సులభంగా సిద్ధం కాలేదు. విజయవాడ వన్‌టౌన్ వీధుల్లోనూ, బందరు, గుడివాడ వంటి పట్టణాల్లోనూ, డెల్టా గ్రామాల్లోనూ నలుగురు కూడిన ప్రతిచోటా ఒకటే చర్చ. ఒకరు వేయించుకోవాలంటే ఇంకొకరు వద్దన్నారు. ఒక ఇంట్లోనే తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట. జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర కూడా ఇదే మాట నడిచింది.

ఈ చర్చ కొత్తది కాదు. 2009-10లో స్వైన్‌ఫ్లూ మహమ్మారి వచ్చినపుడు ప్రపంచమంతటా ఇవే ప్రశ్నలు పుట్టాయి. రేపు మరో ఫ్లూ మహమ్మారి వస్తే మళ్ళీ పుడతాయి. కావున వాదం చల్లారిన ఈ సమయంలోనే దాన్ని నిదానంగా పరిశీలించటం మంచిది. పరిశీలిస్తే ఒక సంగతి తెలుస్తుంది. మనం ఒకే ప్రశ్న అనుకుని వాదించుకున్నది నిజానికి మూడు ప్రశ్నలు. ఈ టీకా పనిచేస్తుందా, దీనివల్ల హాని ఎంత అన్నది మొదటిది. ఇది ధర్మసమ్మతమా అన్నది రెండవది. చెప్పేవారిని నమ్మవచ్చునా అన్నది మూడవది. ఈ మూడింటికీ జవాబు చెప్పవలసినవారు వేరు వేరు. ఒకరి ప్రశ్నకు మరొకరు జవాబు చెప్పటం వల్లనే మనలో చిక్కు ఏర్పడింది.

ఫ్లూ మహమ్మారి అంటే ఏమిటి?

ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు స్థిరమైన రూపం లేదు. అది ఏటేటా కొద్దికొద్దిగా మారుతుంది. అప్పుడప్పుడు పక్షుల్లోనో పందుల్లోనో వుండే ఫ్లూ వైరస్‌ల అంశాలు కలిసి పూర్తిగా కొత్త రకం పుడుతుంది. దాన్ని మన శరీరం ఎన్నడూ ఎరుగదు గనుక ఎదిరించే శక్తి చాలామందిలో వుండదు. అటువంటి రకం ఒకరి నుంచి ఒకరికి సులభంగా సోకుతూ దేశదేశాలకు పాకితే అదే మహమ్మారి. 1918, 1957, 1968, 2009 సంవత్సరాలలో ఇలా జరిగింది. 1918 నాటి జ్వరానికి మన దేశంలోనే కోటి మందికి పైగా మరణించారు.

2009 మే నెలలో మన దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదులో బయటపడింది. అతడు అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. ఆ ఏడాది దేశంలో పరీక్షల ద్వారా రుజువైన కేసులు 27,236, మరణాలు 981. మరుసటి ఏడాది 2010లో కేసులు 20,604కు తగ్గినా మరణాలు 1,763కు పెరిగాయి.

టీకా ఎప్పుడు వచ్చింది? ఫ్లూ టీకాలో ఎక్కువ భాగం కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, దాన్ని చంపిగాని బలహీనపరచిగాని తయారుచేస్తారు. కొత్త రకం దొరికిన తరువాత టీకా చేతికి రావటానికి అయిదారు నెలలు పడుతుంది. మన దేశంలో తయారైన మొదటి స్వైన్‌ఫ్లూ టీకాను 2010 జూన్‌లో జైడస్ కాడిలా సంస్థ విడుదల చేసింది. జులైలో పుణేలోని సీరం సంస్థ ముక్కులో వేసే టీకాను తెచ్చింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ టీకా ఆ ఏడాది చివరి నెలలలో వచ్చింది. ఈలోగా ఆగస్టు 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. ఇది చూసి, వాన వెలిశాక గొడుగు అమ్ముతున్నారని చాలామంది అనుకోవటంలో ఆశ్చర్యం లేదు.

కాని కథ అక్కడితో ఆగలేదు. మహమ్మారి అన్న పేరు పోయింది గాని వైరస్ పోలేదు. అది మామూలు ఫ్లూలలో ఒకటిగా మన మధ్యనే నిలిచిపోయింది. 2015లో అదే వైరస్ మళ్ళీ విజృంభించి దేశంలో 42,592 మందికి సోకింది, 2,990 మందిని బలి తీసుకుంది. మహమ్మారి ముగిసిందన్న మాటను ప్రమాదం ముగిసిందన్న మాటగా తీసుకోరాదని ఈ లెక్క చెబుతున్నది.

మొదటి ప్రశ్న: పనిచేస్తుందా? హాని ఎంత?

ఈ ప్రశ్నకు జవాబు వైద్యులు చెప్పాలి. వారు చెప్పే మాటలో రెండు పక్కలూ వుండాలి.

ఫ్లూ టీకా సంపూర్ణ కవచం కాదు. టీకాలోని రకం, ఊరిలో తిరిగే రకం చక్కగా కలిసిన ఏడాది అది వైద్యం అవసరమయ్యేంత జబ్బును వందకు నలభై నుంచి అరవై పాళ్ళు తగ్గిస్తుంది. కలవని ఏడాది ఇంకా తక్కువ. టీకా వేయించుకున్నవారికి కూడా జ్వరం రావచ్చు. అయితే జబ్బు ముదిరి ఆసుపత్రి పాలయ్యే అవకాశం తగ్గుతుంది. కోవిడ్ ఫ్లూ కాదు, వేరే జాతి వైరస్. అయినా దాని టీకాల విషయంలోనూ ముఖ్యమైన మేలు ఇదే. సోకకుండా ఆపటంలో కంటె, తీవ్రమైన జబ్బునూ మరణాన్నీ తగ్గించటంలో అవి ఎక్కువగా ఉపయోగపడ్డాయి. గర్భిణులు, వృద్ధులు, పసిపిల్లలు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు వున్నవారు ఫ్లూ వల్ల ఎక్కువ ప్రమాదానికి గురవుతారు. 2009లో గర్భిణుల విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది.

ఇక హాని సంగతి. 1976లో అమెరికాలోని ఒక సైనిక శిబిరంలో స్వైన్‌ఫ్లూ కనిపించగా, మహమ్మారి వస్తుందని భయపడి ఆ ప్రభుత్వం ప్రజలందరికీ టీకాలు వేయబూనింది. అక్టోబర్ ఒకటిన మొదలై డిసెంబర్ 16న ఆగిపోయేలోగా నాలుగు కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. మహమ్మారి రాలేదు. కాని టీకా తీసుకున్నవారిలో లక్షకు ఒకరు చొప్పున అదనంగా, కాళ్ళూ చేతులూ చచ్చుబడే గిల్లాన్-బారే అనే నరాల జబ్బు కనిపించింది. అందుచేతనే కార్యక్రమాన్ని నిలిపివేశారు. 2009-10లో ఐరోపాలో వాడిన ఒక స్వైన్‌ఫ్లూ టీకా తరువాత ఫిన్లండ్, స్వీడన్ దేశాల పిల్లల్లో పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకువచ్చే అరుదైన జబ్బు పెరిగినట్లు రుజువయింది. 2021లో మన దేశంలో కోవిషీల్డ్ తీసుకున్నవారిలో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టిన సంఘటనలు వున్నాయని ప్రభుత్వ సంఘమే ప్రకటించింది. వారి లెక్క పది లక్షల డోసులకు 0.61.

ఈ సంగతులు దాచిపెట్టవలసినవి కావు. వీటిని బయటపెట్టినవారు పుకార్లు పుట్టించేవారు కారు. టీకాలను గమనిస్తూ వుండే వైద్యులూ, ఆరోగ్యశాఖలూ బయటపెట్టినవే ఇవి. హాని వున్నదన్న మాట నిజం. ఆ హాని జబ్బు వల్ల కలిగే హానితో పోలిస్తే ఎంత అన్నదే చూడవలసింది. లక్షకు ఒకరి ప్రమాదాన్ని చూసి భయపడి, అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన జబ్బు ప్రమాదాన్ని లెక్కచేయకపోతే అది జాగ్రత్త అనిపించుకోదు. అలాగే ఏ హానీ లేదని ఒట్టు పెట్టటం కూడా సత్యం కాదు.

రెండవ ప్రశ్న: ధర్మసమ్మతమా?

ఈ ప్రశ్న ధార్మిక పండితులది. ఇందులో రెండు అంశాలున్నాయి.

ఒకటి, టీకాలో కలిసిన పదార్థాలు. మందు చెడిపోకుండా వుంచటానికి కొన్ని టీకాలలో జెలటిన్ వాడతారు. అది పంది నుంచి తీసినది కావచ్చు. ఐరోపాలో పిల్లలకు ముక్కులో వేసే ఒక ఫ్లూ టీకాలో పంది జెలటిన్ వుంది. ఆ విషయమై బ్రిటన్‌లోని ముస్లింలలో చాలా చర్చ జరిగింది. కావున ప్రశ్న అడిగినవాణ్ణి మూర్ఖుడని కొట్టివేయటం తగదు. జవాబు చెప్పాలి.

1995లో కువైట్‌లో ధార్మిక పండితులూ వైద్యులూ కూడి ఈ విషయాన్ని చర్చించారు. ఒక వస్తువు తన స్వభావాన్నే కోల్పోయి వేరే వస్తువుగా మారితే దాని విధి కూడా మారుతుందన్న సూత్రం (ఇస్తిహాలా) ప్రకారం, అలా మారిన జెలటిన్ నిషిద్ధం కాదని వారు నిర్ణయించారు. మద్యం సిర్కాగా మారితే ధర్మసమ్మతం కావటం దీనికి పాత ఉదాహరణ. ఈ నిర్ణయంతో ఏకీభవించని పండితులున్నారు. అయితే వారు కూడా ప్రాణాపాయం వుండి, వేరే మందు దొరకనప్పుడు గత్యంతరం లేని స్థితి (ఇద్తిరార్) క్రింద అనుమతి వుందని అంగీకరిస్తారు. 2018లో ఇండొనేషియా ఉలమా మండలి ఒక తట్టు టీకాను నిషిద్ధ పదార్థం కలిసినదిగా చెబుతూనే, అవసరం దృష్ట్యా వాడవచ్చునన్నది. 2020 డిసెంబర్‌లో యు.ఏ.ఈ. ఫత్వా మండలి కోవిడ్ టీకాలలో పంది జెలటిన్ వున్నా వాటిని వేయించుకోవచ్చునని ప్రకటించింది.

మన రాష్ట్రంలో విరివిగా వేసిన కోవిషీల్డ్, కోవాక్సిన్ రెండింటిలోనూ జెలటిన్ లేదు. కోవిషీల్డ్‌లో అతి స్వల్పంగా ఇథనాల్ వుంది. అది మత్తు కలిగించే మోతాదుకు ఎంతో దూరం. కోవాక్సిన్ తయారీలో కణాలను పెంచటానికి దూడ రక్తం నుంచి తీసిన ద్రవాన్ని వాడతారు, తరువాత కడిగివేస్తారు. 2021 జూన్‌లో దీనిపై హిందూ సోదరులలోనూ కలవరం రేగితే, తుది మందులో ఆ ద్రవం వుండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరించింది. ధార్మిక సందేహం మన ఒక్కరిదే కాదని దీనివల్ల తెలుస్తున్నది.

రెండవ అంశం తవక్కుల్, అంటే దైవంపై భరోసా. మరణం అల్లాహ్ చేతిలో వుండగా టీకా ఎందుకని కొందరంటారు. ఈ ప్రశ్న కూడా చాలా పాతది. దీనికి జవాబు సహాబాల కాలంలోనే దొరికింది.

హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639లో, హజ్రత్ ఉమర్ (ర) సిరియాకు బయలుదేరి సర్గ్ అనేచోటికి చేరేసరికి అక్కడ ప్లేగు చెలరేగినట్లు తెలిసింది. వారు ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో అభిప్రాయభేదం వచ్చింది. అన్సార్లను అడిగారు. వారిలోనూ అదే పరిస్థితి. చివరికి ఖురైషు పెద్దలను అడగగా వారు ఒకే మాటగా వెనుకకు మరలమన్నారు. ఉమర్ (ర) ప్రయాణం మానుకున్నారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నానన్న భావంతో ఖలీఫా జవాబిచ్చారు. ఒంటెలను పచ్చని మైదానంలో మేపినా, ఎండిన మైదానంలో మేపినా రెండూ దైవ నిర్ణయమే కదా అని ఉదాహరణ చెప్పారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, ప్లేగు వున్న ఊరిలోకి వెళ్ళవద్దనీ, తామున్న ఊరిలో వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించినట్లు తాను విన్నానని తెలిపారు. ఉమర్ (ర) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. తరువాత అబూ ఉబైదా (ర) సిరియాలో అదే ప్లేగుతో మరణించారు.

ఈ సంఘటనలో జాగ్రత్త తీసుకోవటం విశ్వాసానికి విరుద్ధం కాదన్న పాఠం వుంది. ఇంకొక పాఠం కూడా వుంది. అంతటి మహనీయులలోనే మహమ్మారి గురించి అభిప్రాయభేదం వచ్చింది. అయినా ఒకరి విశ్వాసాన్ని ఒకరు శంకించలేదు. అడిగారు, విన్నారు, నిర్ణయించుకున్నారు.

మనవారే ఆచరణలో ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నారు. 2009లో అరబ్బు దేశాల ఆరోగ్య మంత్రులు కూడి వృద్ధులు, పిల్లలు, దీర్ఘరోగులు ఆ ఏడాది హజ్ యాత్ర మానుకోవాలని నిర్ణయించారు. మన దేశం నుంచి హజ్‌కు వెళ్ళేవారికి మెనింజైటిస్ టీకాతోపాటు ఇన్‌ఫ్లుయెంజా టీకా కూడా వేస్తారు. ఇహ్రామ్ ధరించబోయే చేతికి ధర్మసమ్మతమైన టీకా, ఇంటి దగ్గర వున్నప్పుడు ఎందుకు కాకపోతుందో ఆలోచించాలి.

మూడవ ప్రశ్న: ఎవరిని నమ్మాలి?

అసలు ముడి ఇక్కడ వుంది. పైకి జెలటిన్ అన్నా, సంతానం కలగదన్నా, లోపల వున్నది మరొక మాట: చెప్పేవాడిమీద నమ్మకం లేదు. ఈ అపనమ్మకానికి కొన్ని కారణాలు నిజమైనవే.

స్వైన్‌ఫ్లూ వచ్చిన రోజుల్లోనే, 2009 జులైలో, అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే ఒక అధ్యయనం మొదలయింది. వారిలో ఎక్కువమంది పేద గిరిజన కుటుంబాల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపివేశారు. కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకా కారణమనేందుకు ఆధారం లేదని విచారణ తేల్చింది. కాని అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసినట్లు బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించింది. మందు మంచిదే కావచ్చు. తల్లిని అడగకుండా బిడ్డకు వేస్తే ఆ తల్లి మరుసటి టీకాను కూడా నమ్మదు.

రెండవ కారణం 2020 మార్చి, ఏప్రిల్ నెలలది. ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ సమావేశాన్ని సాకుగా తీసుకుని, రోగాన్ని ముస్లింలే వ్యాపింపజేస్తున్నారన్న ప్రచారం సాగింది. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. నిన్న రోగానికి కారకుడవని నిందించిన నోరు ఈ రోజు టీకా వేయించుకోమంటే మనిషి వెనుకాడటం సహజం.

ఇవి అర్థం చేసుకోవలసిన కారణాలు. అయితే వీటిని అడ్డం పెట్టుకుని ప్రతి వదంతినీ నమ్మటం మాత్రం న్యాయం కాదు. సంతానం కలగదన్న వదంతి పోలియో చుక్కల కాలం నుంచీ వుంది. ఉత్తరప్రదేశ్‌లో ఆ వదంతి నమ్మి పిల్లలకు చుక్కలు వేయించనివారు వున్నారు. అక్కడ పోలియోతో కాళ్ళు చచ్చుబడినవారిలో ముస్లిం పిల్లలే ఎక్కువ. అప్పుడు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్దర్ద్ సంస్థలూ, స్థానిక ఇమాములూ ముందుకు వచ్చి ఇంటింటికీ తిరిగి సందేహాలు తీర్చారు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని ప్రాంతంలో భాగంగా ధృవీకరణ పొందింది. ఆ పిల్లలు పెరిగి పెద్దవారై తల్లులూ తండ్రులూ అయ్యారు. వదంతికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

మరొక వింత చూడండి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలాదిమంది గుమికూడారు. నెలాఖరున ఆ మందులలో కొన్నింటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలకు ఇవ్వలేదు. కాని అవి కోవిడ్‌ను నయం చేస్తాయనేందుకు రుజువు లేదు. వేలమందిపై పరీక్షించిన టీకాను అనుమానించినవారే, పరీక్ష లేని మందు కోసం వరుసలో నిలబడ్డారు. మందులో ఏముందన్న ప్రశ్న ఒకదాన్ని అడిగి రెండవదాన్ని అడగకపోవటం వివేకం కాదు.

మన కర్తవ్యం

పై విషయాలనుబట్టి మనం చేయవలసినవి కొన్ని వున్నాయి.

1. ప్రశ్నను దానికి తగినవారినే అడగాలి. టీకా మంచిచెడ్డలు ఇమాముగారు చెప్పనక్కరలేదు. ధర్మసమ్మతమా కాదా అన్నది వైద్యుడు తేల్చనక్కరలేదు. ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చుని ఎవరి జవాబు వారు చెబితే సగం వివాదం తీరుతుంది.

2. టీకా వేసేవారిని అడిగే హక్కు మనకుంది: ఇది ఏ టీకా, ఇందులో ఏమున్నాయి, నాకున్న జబ్బుకు ఇది సరిపడుతుందా, వికటిస్తే ఎక్కడికి రావాలి. గుడ్డు పడనివారు, గతంలో టీకా వికటించినవారు, జ్వరంతో వున్నవారు ఆ మాట ముందే చెప్పాలి.

3. విన్నదాన్నల్లా ఇతరులకు చేరవేయరాదు. తెచ్చిన వార్తను నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ బోధన నోటిమాటకు ఎంత వర్తిస్తుందో ఫోనులో వచ్చే సందేశానికీ అంతే వర్తిస్తుంది.

4. వేయించుకోనివాణ్ణి అజ్ఞాని అనీ, వేయించుకున్నవాణ్ణి విశ్వాసహీనుడనీ అనరాదు. అభిప్రాయం నా సొంతం కావచ్చు. కాని నా దగ్గు నాతో ఆగదు. నాకేమీ కాదని ధైర్యంగా వున్న యువకుడి ఇంట్లో ఉబ్బసంతో బాధపడే తల్లి వుండవచ్చు, గర్భవతి అయిన అక్క వుండవచ్చు. నిర్ణయం తీసుకునేటప్పుడు వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వాదంలో గెలవటం సులభం. ఆ వాదం విని వెనుకాడిన పొరుగువాడి ప్రాణానికి జవాబు చెప్పటం సులభం కాదు. ఆ జవాబుదారీ టీకా వద్దన్నవారికి ఎంత వుందో, హానిని దాచిపెట్టి వేయించుకోమన్నవారికీ అంతే వుంది. రానున్న మహమ్మారి ఏనాడు వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది వచ్చేలోగా నిజం చెప్పటం, నిజం అడగటం మనం అలవాటు చేసుకోవాలి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, సత్యాన్ని గుర్తించే వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.